‘ప్లురా’ అంటే వానా, ఏడుపా?

ఏరువాక: దక్షిణ ఫ్రాన్స్ పల్లె మయాన్‌లో కవి ఫ్రెడెరిక్ మిస్త్రాల్ తల్లితో కాపురమున్న ఇంటి గోడ మీద నీడ గడియారం ఉంది కదా, దాని మీద అక్కడి ప్రొవాన్సాల్ భాషలో ఉన్న పద్యంలో మూడో పాదం తేలడం లేదు. ‘గాయ్ లెసెర్, బేవు తున్ సులేవు / లూరో పాసో కే త్రో లేవు’ వరకు నోటికి వచ్చు. బల్లీ, హాయిగా నీ ఎండ తాగు, పొద్దు ఇట్టే గడిచిపోతుంది. తర్వాత ‘ఎ దెమాన్ ప్లురా బెలేవు’. రేపు ఏడుపేనేమో అని ఎక్కడో చదివిన గుర్తు. మిత్రుడు వాన అంటున్నాడు.

పాతకాపు: మిత్రుడిదే ఒప్పు. ఏడవడం అనే ధాతువుకు భవిష్యత్తు ‘ప్లురరా’ కావాలి, ‘ప్లురా’ కాదు. పాదానికి ఏడేసి అక్షరాలు, లెక్కపెట్టి చూడండి. ఇంకొక ‘ర’ దూరితే గణం తప్పుతుంది. మిస్త్రాల్ అంతటివాడు ఆ పని చేస్తాడా?

శ్లేషప్రియ: గణాల లెక్క సరే. కానీ ఏడవడం అనే తుమున్నంత రూపం (కాలం చెప్పని క్రియారూపం) కూడా అచ్చంగా ‘ప్లురా’యే కదండీ? వినేవాడి చెవికి రెండూ తగులుతాయి. ఈ ఒక్కటీ కవికి తెలియకుండా జరిగిందంటే నేను నమ్మను. ఆయన స్వయంగా నిఘంటుకర్త.

పాతకాపు: ప్రతి రెండర్థాల మాటా శ్లేష కాదండీ. వాన పడితే బల్లికి ఎండ ఉండదు, పద్యానికి అంతకుమించి అక్కర్లేదు.

ఏరువాక: రైతు బిడ్డ వానను దుఃఖంగా రాస్తాడా అన్నదే నా సందేహం. మాస్ దు జూజ్ అనే పొలం ఇంట్లో పుట్టినవాడు.

గడియారం: పద్యం రైతుకు కాదు, బల్లికి చెబుతున్నది! పైగా బేవు దగ్గర ఎవరూ ఆగలేదేం? ఎకారం పలుకు మారితే ‘అందమైన’ అవుతుంది, ‘తాగు’ పోతుంది. స్వరచిహ్నాలు లేకుండా అచ్చువేసిన చోట అర్థం తిప్పుకుంటున్నారు.

శ్లేషప్రియ: నిఘంటువు అన్నాను గనుక చెబుతున్నాను. ‘త్రెసోర్ దోవు ఫెలిబ్రిజ్’ రెండు పెద్ద సంపుటాలు, 1878 నుంచి 1886 వరకు అచ్చయ్యాయి. ఊళ్లో గొర్రెలకాపరి మాట, జాలరి మాట, సామెత, అన్నీ అందులోకి ఎక్కించాడు. 1904లో నోబెల్ పంచుకున్నాక ఆ డబ్బు ఆర్ల్‌లో తన మ్యూజియానికి పెట్టాడు, అక్కడ చూపించేదీ తలపాగాలు, గిన్నెలు, పల్లె బతుకే. సమాధి మీద తన పేరు కూడా చెక్కించుకోలేదు, లాటిన్ వాక్యం ఒక్కటే: కీర్తి మాకు కాదు ప్రభూ, నీ నామానికీ మా ప్రొవాన్స్‌కూ. ఇలాంటివాడు ఒక్క మాటను ఊరికే వాడడు.

పాతకాపు: సమాధి దాకా వెళ్లారు, ‘ప్లురా’ ఎక్కడిదక్కడే ఉంది.

తొండపక్షం: అయ్యా, మీ అందరికీ ఒక మనవి. బల్లి ఎండ కాగదు! గోడ మీద చేరి పలుకుతుంది, శకునం చెబుతుంది. ఎండలో కూర్చుని తల ఆడించేది తొండ. తెలుగు చేసేటప్పుడు ‘తొండా, నీ ఎండ తాగు’ అంటే ఎండ, తొండ ప్రాస కూడా కుదురుతుంది.

గడియారం: తొండ అంటే ముదిరి ఊసరవెల్లి అవుతుందని మన పాఠకుడికి వెంటనే తడుతుంది. ఆ సంతోషం కాస్తా మోసమైపోతుంది. బల్లిని ఉంచండి.

శ్లేషప్రియ: మూల పాఠంలో ‘గాయ్’ అంటే ఉల్లాసం. ఉల్లాసమైన తొండ ఉంటుందా?

తొండపక్షం: ఎందుకు ఉండదు? పైగా గోడల మీద తిరిగే చిన్న బూడిదరంగు బల్లికి ప్రొవాన్సాల్‌లో ‘లగ్రమ్యూజో’ అని వేరే పేరు ఉంది. మిస్త్రాల్ అది వాడలేదు, ‘లెసెర్’ అన్నాడు. కనుక తొండే.

పాతకాపు: ‘లగ్రమ్యూజో’ నాలుగు అక్షరాలు, ‘లెసెర్’ రెండు. మళ్లీ గణాలే.