గర్భాశయ ధమని, అండాశయ ధమని కలిసేచోట రక్తం ఎటు పారుతుంది?

అందరికీ నమస్కారం. నేను నర్సింగ్ విద్యార్థినిని. స్త్రీ జననాంగాల రక్తసరఫరా చదువుతూ ఒకచోట ఆగిపోయాను, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

గర్భాశయ ధమని, కటి భాగంలోని అవయవాలకు రక్తం తెచ్చే ఇంటర్నల్ ఇలియాక్ ధమని నుంచి వస్తుంది. అండాశయ ధమని మాత్రం ఎక్కడో పైన, మూత్రపిండ ధమనులకు కాస్త దిగువన, బృహద్ధమని నుంచే బయల్దేరుతుంది. పిండదశలో అండాశయం పైన నడుం దగ్గర ఏర్పడి, కిందికి దిగుతూ తన రక్తనాళాన్ని వెంట తెచ్చుకుంటుందని చదివాక అది మనసుకు పట్టేసింది. గర్భాశయ ముఖద్వారానికి సుమారు 2 సెంటీమీటర్ల పక్కన గర్భాశయ ధమని మూత్రనాళం మీదుగా దాటడమూ అర్థమైంది.

చిక్కంతా ఆ తర్వాతే. ఆ ధమని గర్భాశయం అంచు వెంట మెలికలు తిరుగుతూ పైకెక్కి, అండాశయ ధమనితో కలుస్తుంది. ఎర్ర పెన్నుతో బొమ్మ నాలుగుసార్లు గీశాను. రెండు గీతలూ ఎదురెదురుగా వచ్చి కలిసేచోట బాణం గుర్తు ఎటు పెట్టాలో తెలియక ప్రతిసారీ చెయ్యి ఆగిపోతోంది. అక్కడ రక్తం ఎటు పారుతుంది? ప్రసవం తర్వాత రక్తస్రావం ఆపడానికి రెండువైపులా గర్భాశయ ధమనుల్ని కట్టేసినా గర్భాశయం బతికేది ఈ కలయిక వల్లేనా? అండాశయాలు ఉంచి గర్భాశయం మాత్రం తీసేస్తే, అటునుంచి వాటికి అందే రక్తం సంగతేమిటి?

సిరల విషయంలో ఎడమ అండాశయ సిర ఎడమ మూత్రపిండ సిరలో, కుడిది నేరుగా అధో బృహత్సిరలో కలుస్తాయని గుర్తుంది, అక్కడ ఇబ్బంది లేదు. ఆపరేషన్ థియేటర్లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే, మీరు చూసింది చూసినట్టు చెప్పండి, చాలా మేలవుతుంది.