జాబిక్స్‌లో హెచ్చరికలు అందరికీ చేరడానికి, ఆగిన ఇంజిన్‌ఎక్స్ దానంతటదే మళ్లీ మొదలవడానికి ఏమి చేయాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా కళాశాలలో హాజరు, ఫీజులు, పరీక్షా ఫలితాలకు సంబంధించిన వెబ్‌సైట్లు ఉబుంటు సర్వర్ల మీద నడుస్తున్నాయి. వాటిని జాబిక్స్ 7.0 అనే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌తో గమనిస్తున్నాము. మూడు విషయాలలో మీ సహాయం కావాలి.

మొదటిది, హెచ్చరికల ఈమెయిళ్లు నాకు చేరుతున్నాయి గానీ, అదే యాక్షన్‌లో (సమస్య వచ్చినప్పుడు జాబిక్స్ ఏమి చేయాలో చెప్పే అమరికలో) పేరు చేర్చిన నా సహోద్యోగికి ఒక్కటి కూడా చేరడం లేదు. రెండవది, సీపీయూ వాడకం 90 శాతం దగ్గర ఊగిసలాడినప్పుడు సమస్య వచ్చిందని ఒకటి, పరిష్కారమైందని మరొకటి, ఇలా రాత్రంతా సందేశాలు వస్తూనే ఉంటాయి. మూడవది వీటన్నిటికంటే ముఖ్యమైనది. మా వెబ్‌సైట్లను అందించే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఇంజిన్‌ఎక్స్ ఆగిపోతే దాన్ని పునఃప్రారంభించే ఆదేశాన్ని యాక్షన్‌లో పెట్టాను. యాక్షన్ లాగ్‌లో ఆదేశం అమలైనట్లే కనిపిస్తోంది, కానీ సర్వర్‌లో ఇంజిన్‌ఎక్స్ ఆగే ఉంటోంది. ఫలితాలు విడుదలయ్యే రోజుల్లో ఇది పనిచేయడం చాలా అవసరం. దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:

మీకు చేరి, మీ సహోద్యోగికి చేరకపోవడంలోనే కారణం చాలావరకు తెలుస్తోంది. మీరు బహుశా సూపర్ అడ్మిన్ హోదాలో ఉన్నారు. ఆ హోదా ఉన్నవారికి అన్ని హోస్టులూ (జాబిక్స్ గమనించే యంత్రాలు) కనిపిస్తాయి. మిగిలిన వాడుకరుల విషయంలో, ఆ సర్వరు ఉన్న హోస్ట్ గ్రూప్‌ను చదివే అనుమతి కనీసం ఒక యూజర్ గ్రూప్ ద్వారానైనా లేకపోతే, యాక్షన్‌లో వారి పేరు ఉన్నప్పటికీ జాబిక్స్ వారికి సందేశం పంపదు. కాబట్టి ముందుగా ఆయన యూజర్ గ్రూప్‌కు ఆ అనుమతి ఇవ్వండి. ఆ తరువాత ఆయన ఖాతాలోని మీడియా భాగాన్ని తెరిచి, చిరునామా సరిగా ఉందా, సమయం వారంలో ఏడు రోజులు, 24 గంటలూ ఉందా, మీరు ఆశిస్తున్న తీవ్రతా స్థాయిలకు టిక్ ఉందా అని చూడండి. జాబిక్స్‌లో ఆరు తీవ్రతా స్థాయిలు ఉన్నాయి. వాటిలో 'వార్నింగ్' ఎంపిక కాకపోతే ఆ స్థాయి సందేశాలు ఆయనకు రావు.

సీపీయూ సందేశాల విషయానికి వస్తే, అక్కడ రెండు మార్పులు అవసరం. చివరి కొలత ఒక్కటే 90 దాటితే సమస్యగా పరిగణించే ట్రిగ్గర్‌కు బదులు, గత 10 నిమిషాల కనిష్ఠ విలువ 90 దాటితేనే సమస్య అని రాయండి. అంటే ఆ పది నిమిషాలలో ఒక్కసారి కూడా కిందికి రాలేదన్నమాట. అయినప్పటికీ 89, 91 మధ్య ఊగిసలాట మిగిలే ఉంటుంది కనుక, ట్రిగ్గర్‌లో రికవరీ ఎక్స్‌ప్రెషన్ అనే విడి షరతును ఎంచుకుని, గత 5 నిమిషాల గరిష్ఠ విలువ 70 కంటే తక్కువకు దిగితేనే పరిష్కారమైనట్లు అని పెట్టండి. ఈ రెండవ షరతును జాబిక్స్ వెంటనే చూడదు. సమస్య షరతు అబద్ధమైన తరువాతనే దాన్ని పరిశీలిస్తుంది. అందువల్ల లోడు తగ్గిన వెంటనే సమస్య తొలగిపోలేదని కంగారు పడనవసరం లేదు.

సందేశాలు ఎక్కువై ఎవరూ చూడని స్థితి వస్తే, దాని మీద ఆధారపడి స్వయంచాలక చర్యను పెట్టడం ప్రమాదకరం. అందుకే మూడవ పనికి వెళ్లే ముందు ఈ రెండూ చక్కబెట్టుకోవాలని గట్టిగా కోరుతున్నాను.

రెండవ సమాధానం:

మూడవ ప్రశ్నకు నేను సమాధానం రాస్తాను. యాక్షన్ నుంచి వెళ్లే రిమోట్ ఆదేశాన్ని ఏజెంటు (మీరు గమనించే యంత్రంలో నడిచే జాబిక్స్ ప్రోగ్రాము) మొదలుపెట్టి వదిలేస్తుంది. అది ముగిసే వరకు వేచి ఉండదు, ఫలితాన్ని జాబిక్స్ సర్వర్‌కు తిరిగి చెప్పదు. కాబట్టి యాక్షన్ లాగ్‌లో 'అమలైంది' అని ఉంటే, ఆదేశం ఏజెంటుకు చేరిందని మాత్రమే అర్థం. ఏజెంటుకు అనుమతే లేకపోయి ఉంటే అదే లాగ్‌లో వైఫల్యం కనిపించేది. మీకు అలా కనిపించలేదంటే ఏజెంటు ఆదేశాన్ని అందుకుంది. ఆ తరువాతి మెట్టు మీద విఫలమైంది. ఏజెంటు నడిచేది జాబిక్స్ అనే సాధారణ వాడుకరి పేరు మీద. ఆ వాడుకరికి సేవలను పునఃప్రారంభించే హక్కు ఉండదు. రూట్ (పూర్తి అధికారమున్న వాడుకరి) హక్కుతో ఆదేశాన్ని నడిపే సుడో దగ్గర పాస్‌వర్డ్ అడిగితే సమాధానం చెప్పేవారు ఎవరూ ఉండరు కనుక ఆదేశం అక్కడే ఆగిపోతుంది.

దీనికి పరిష్కారంగా జాబిక్స్ వాడుకరికి మొత్తం రూట్ అధికారం ఇవ్వడం తేలికైన దారి, కానీ అలా చేయకండి. ఒక చిన్న స్క్రిప్టు రాసి, దాని యజమానిగా రూట్‌ను ఉంచి, జాబిక్స్ వాడుకరికి దాన్ని మార్చే హక్కు లేకుండా చేయండి. సుడో నియమాలను మార్చే విసుడో ద్వారా ఆ ఒక్క స్క్రిప్టును, దాని పూర్తి మార్గంతో సహా, పాస్‌వర్డ్ లేకుండా నడపడానికి అనుమతి రాయండి. ఏజెంటు కాన్ఫిగరేషన్‌లో కూడా అన్ని ఆదేశాలనూ అనుమతించే నక్షత్రం గుర్తు తీసివేసి, ఆ ఒక్క ఆదేశాన్నే అలో కీ వరుసలో పెట్టండి. ఆదేశం తరువాత కామా పెట్టి నక్షత్రం గుర్తు ఉంచడం మరచిపోవద్దు; వేచి ఉండే పద్ధతి, ఉండని పద్ధతి రెండూ దాని కిందికి వస్తాయి. రిమోట్ ఆదేశాల లాగ్‌ను కూడా అక్కడే ఆన్ చేసి, ఏజెంటును పునఃప్రారంభించండి.

స్క్రిప్టులో ఏముండాలన్నది ఇంకా ముఖ్యం. మొదట చివరి కొన్ని వందల జర్నల్ (సిస్టమ్ లాగ్) వరుసలను, మెమరీ, డిస్కు స్థితిని ఒక ఫైలులోకి రాయాలి. పునఃప్రారంభం తరువాత ఈ ఆధారాలలో కొన్ని దొరకవు, ఎందుకు ఆగిందో చెప్పలేని స్థితి వస్తుంది. తరువాత ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగరేషన్‌ను పరీక్షించాలి. ఎవరైనా ఫైలులో ఒక సెమీకోలన్ చెరిపివేసి ఉంటే ఎన్నిసార్లు ప్రారంభించినా అది లేవదు. అప్పుడు స్క్రిప్టు ఆ సంగతి ఫైలులో రాసి ఆగిపోవాలి. పరీక్ష నెగ్గితేనే పునఃప్రారంభించాలి.

ఇక్కడ మరొక మాట. ప్రక్రియ కూలిపోతే లేపే పని ఉబుంటులో సేవలను నడిపే సిస్టమ్‌డీకి ఉన్నదే. మెమరీ చాలక కెర్నెల్ ఇంజిన్‌ఎక్స్‌ను చంపినప్పుడు, యూనిట్‌లో (ఆ సేవ అమరికల ఫైలులో) 'విఫలమైతే పునఃప్రారంభించు' అనే వరుస ఉంటే సిస్టమ్‌డీ క్షణాలలో లేపుతుంది. జాబిక్స్ ఆ సంగతి గమనించే సరికి నిమిషం గడవవచ్చు. అందువల్ల ఆ వరుసను ముందు చేర్చి, అది కూడా చేతులెత్తేసిన సందర్భానికి మాత్రమే జాబిక్స్ చర్యను ఉంచడం సరైన క్రమమని నా అభిప్రాయం.

ప్రశ్నించినవారి ప్రతిస్పందన:

ఇద్దరికీ కృతజ్ఞతలు. సహోద్యోగికి ఈమెయిళ్లు చేరుతున్నాయి. లోపం హోస్ట్ గ్రూప్ అనుమతిలోనే ఉంది. సుడో మార్పుతో ఇంజిన్‌ఎక్స్ కూడా లేచింది. అయితే ఒక సందేహం మిగిలింది. స్క్రిప్టు పనిచేయకపోతే యాక్షన్ దాన్ని పదేపదే నడుపుతుందా? మా డేటాబేస్ అయిన మారియాడీబీకి కూడా ఇదే పద్ధతి పెట్టవచ్చా?

రెండవ సమాధానమిచ్చినవారు:

యాక్షన్‌లోని మెట్ల (ఒకదాని తరువాత ఒకటి నడిచే దశల) సంఖ్యను బట్టి ఉంటుంది. ఆపరేషన్‌కు (ఆ మెట్లలో చేసే పనికి) 1 నుంచి 0 వరకు అని రాస్తే, సున్నాకు అంతులేదని అర్థం. సమస్య ఉన్నంతసేపూ స్క్రిప్టు మళ్లీ మళ్లీ నడుస్తుంది. 1 నుంచి 1 వరకు అని రాయండి. మెట్టు వ్యవధి మొదట 1 గంటగా ఉంటుంది. దాన్ని 5 నిమిషాలకు తగ్గించండి. మొదటి మెట్టులో స్క్రిప్టు, దానితోపాటే విధుల్లో ఉన్నవారికి సందేశం. రెండవ మెట్టులో, సమస్యను ఎవరూ అక్నాలెడ్జ్ చేయలేదన్న (చూశామని గుర్తు పెట్టలేదన్న) షరతుతో, మీ ఇద్దరికీ సందేశం. మూడవ మెట్టులో విభాగాధిపతి గారికి. ఇంజిన్‌ఎక్స్ ఐదు నిమిషాలలోపు లేచి సమస్య తొలగిపోతే తరువాతి మెట్లు నడవవు, రికవరీ సందేశం మాత్రమే వెళ్తుంది. యంత్రం ఒక్కసారి ప్రయత్నించాలి, ఆ తరువాత మనిషిని లేపాలి. పునఃప్రారంభం విజయవంతమైనా సరే, ఆ సంగతి మనిషికి తెలియాలి. ప్రతి రాత్రీ నిశ్శబ్దంగా లేచే సేవలో మెమరీ లీకు ఉన్నా నెలల తరబడి ఎవరికీ పట్టదు.

ట్రిగ్గర్ ఎక్కడి నుంచి చూస్తోందో కూడా గమనించండి. జాబిక్స్ సర్వరు బయటి నుంచి 80వ పోర్టును తడిమి చూసే సింపుల్ చెక్ అయితే, మధ్యలో ఫైర్‌వాల్ నియమం మారినా ఇంజిన్‌ఎక్స్ ఆగినట్లే కనిపిస్తుంది. పునఃప్రారంభానికి ఆధారం ఆ యంత్రం లోపలి ఏజెంటు చేసే పరీక్షే కావాలి. మూడు నిమిషాల గరిష్ఠ విలువ 0 (అంటే ఆగినట్లు) అయితేనే సమస్య అని పెట్టండి. బయటి పరీక్షను సందేశానికి మాత్రమే ఉంచండి.

మారియాడీబీకి మాత్రం వద్దని స్పష్టంగా చెబుతున్నాను. హఠాత్తుగా ఆగిన తరువాత దానిలో డేటాను నిల్వచేసే భాగమైన ఇన్నోడీబీ తన లాగ్‌ల నుంచి డేటాను సరిచేసుకుంటూ చాలాసేపు కనెక్షన్లు ఇవ్వకపోవచ్చు. ఆ సమయంలో బయటి నుంచి చూస్తే అది చచ్చినట్లే ఉంటుంది. అప్పుడు పునఃప్రారంభిస్తే ఆ పని మధ్యలో తెగి, మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది. డిస్కు నిండినందువల్ల ఆగి ఉంటే పునఃప్రారంభం ఏ ప్రయోజనమూ ఇవ్వదు. డేటాబేస్‌కు హెచ్చరిక అత్యున్నత స్థాయిలో ఉంచండి, చర్యను మనిషికే వదలండి.

మొదటి సమాధానమిచ్చినవారు:

ఒక చిన్న చేర్పు. మీరే మరమ్మతు కోసం ఇంజిన్‌ఎక్స్‌ను ఆపినప్పుడు సిస్టమ్‌డీ దాన్ని లేపదు, కానీ జాబిక్స్ లేపుతుంది. కాబట్టి పని మొదలుపెట్టే ముందు ఆ హోస్టుకు మెయింటెనెన్స్ వ్యవధిని పెట్టండి. యాక్షన్‌లో, మెయింటెనెన్స్ వల్ల అణచిన సమస్యలకు ఆపరేషన్లను నిలిపివేసే టిక్ మొదటి నుంచే ఉంటుంది, దాన్ని తీయకండి. ఫలితాల రోజుకు ముందే ఒక పరీక్షా సర్వరులో ఇంజిన్‌ఎక్స్‌ను ఆపి, యాక్షన్ లాగ్‌నూ, స్క్రిప్టు రాసిన ఫైలునూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.