అప్‌డేట్: వారాసిగూడ పిన్ని ఇంటి పన్ను

బాబాయి పోయాక ఆరేళ్లుగా పన్ను కట్టలేదని పిన్ని గేటుకి ఎర్ర నోటీసు అంటించారు, ఏం చేయాలని జనవరిలో అడిగాను కదా, ఇల్లు నిలబడింది. బస్తీ కుర్రాళ్లు ఇద్దరు, రిటైరైన బిల్లు కలెక్టర్ అంకుల్ ఒకాయన ఆదివారం వచ్చి, పిన్ని బియ్యం డబ్బాలో దాచిన రసీదులన్నీ మంచం మీద పరిచి లెక్క తేల్చారు. అసలు 31,000, నెలకి 2 శాతం చొప్పున పెరిగిన వడ్డీ 24,000. అంకులే ఆపారు, తొందరపడి కట్టకండి అని. 2025 మార్చిలో హైదరాబాద్ కార్పొరేషన్ జీహెచ్‌ఎంసీ వన్ టైమ్ సెటిల్‌మెంట్ ప్రకటించింది, అసలు మొత్తం, వడ్డీలో 10 శాతం ఒకేసారి కడితే మిగతా వడ్డీ మాఫీ. 33,400తో అయిపోయింది. పిన్ని దగ్గర ఐదు వేలు తక్కువ పడితే కుర్రాళ్లే వేశారు, పిన్ని ఏడ్చేసింది. పేరు మాత్రం ఇంకా బాబాయిదే, మ్యుటేషన్‌కి, అంటే రికార్డుల్లో పేరు మార్పించడానికి, సోమవారం వెళ్తున్నాం.