కరెంటు కొరతలో ప్లాంటు ప్రభుత్వానిదా ప్రైవేటుదా అన్నది నిజంగా తేడా చూపిస్తుందా?

విశాఖ ఆటోనగర్‌లో మాకు చిన్న లేత్ షాపు ఉంది. ఇక్కడి యూనిట్ల వాళ్ల మధ్య ఈ వాదన ఎంతకీ తెగడం లేదు. విద్యుత్ రంగంలో పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి.

పరవాడలో ఎన్టీపీసీ సింహాద్రి 2000 మెగావాట్లు, కేంద్ర ప్రభుత్వ సంస్థది. పాలవలసలో హిందూజా 1040 మెగావాట్లు, ప్రైవేటుది. బొగ్గు అందకపోతే రెండూ ఆగాల్సిందే కదా? 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టారు. కరెంటు కొని అమ్మే మార్కెట్ అయిన ఎక్స్ఛేంజీలో యూనిట్ 12 రూపాయలు దాటకూడదని పరిమితి వచ్చింది కూడా అప్పుడే. మే నెలలో కేంద్రం విద్యుత్ చట్టం సెక్షన్ 11 కింద దిగుమతి బొగ్గు ప్లాంట్లన్నీ పూర్తి సామర్థ్యంతో నడపాలని ఆదేశించింది. అంటే యజమాని ఎవరైనా ఆదేశంతో నడిపించవచ్చన్నమాట.

అయినా నాకు ప్రభుత్వ ప్లాంటు మీదే నమ్మకం. లేత్ మీద షాఫ్టు సగం కోతలో ఉండగా కరెంటు పోతే టూల్ కొస విరిగి జాబ్ మీద గీత పడుతుంది, ఆ ముక్క ఇక తుక్కే. లాభం చూసుకుని ప్లాంటు ఆపేవాళ్ల చేతిలో మా పని ఉండకూడదనిపిస్తుంది.

అసలు నా ప్రశ్న ఇది. కరెంటు పంపిణీ సంస్థతో ఒప్పందం ఉన్న ప్లాంటు సిద్ధంగా ఉంటే చాలు, కరెంటు తీసుకోకపోయినా ఆ సంస్థ ఫిక్స్‌డ్ ఛార్జీలు, అంటే ప్లాంటు స్థిర ఖర్చుల కింద ఇచ్చే మొత్తం, కట్టాలి. మరి కొరత రోజుల్లో అదే ప్లాంటు చేతులెత్తేస్తే, ఆ ఛార్జీల్లో కోత కాక వేరే జరిమానా ఉంటుందా? ప్రభుత్వ ప్లాంటుకూ అదే నియమమా? ఒప్పందాలు చదివినవాళ్లు వివరంగా రాయండి, మా వాళ్లకు చూపించాలి.