పాతాళభైరవి చూపించే ముందు కాశీమజిలీ కథ చదివి వినిపించాలా?

మాది తిరుపతి. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలను చిన్నప్పుడు మా అవ్వ రాత్రిపూట చదివి వినిపించేది. కాశీకి వెళ్లే దారిలో మణిసిద్ధుడు ఒక్కొక్క మజిలీలో గోపునికి చెప్పే ఆ కథల్లోని అడవులూ కోటలూ మాంత్రికులూ అప్పుడు నేను ఊహించుకున్న రూపంలోనే నేటికీ నా మనసులో ఉన్నాయి.

వాటిలో ఒక కథ ఆధారంగా కె.వి.రెడ్డి గారు 1951లో తీసిన 'పాతాళభైరవి'ని ఎనిమిదేళ్ల మా అమ్మాయికి ఈ సెలవుల్లో చూపించాలనుకుంటున్నాను. సినిమా గొప్పదనం గురించి నాకు రెండో మాట లేదు. అయితే ఎస్.వి.రంగారావు గారి నేపాళ మాంత్రికుణ్ణి ఒక్కసారి చూసిన పిల్లలు, ఆ కోసుగడ్డాన్నీ ఆ కళ్లనూ ఆ మాట విరుపునూ మరచి, తమదైన మరో మాంత్రికుణ్ణి ఊహించుకోగలరా అన్నదే నా సందేహం. అందుకే ముందు కథ వినిపించి, కొన్నాళ్లు తన ఊహకు వదిలేసి, ఆ తరువాతే సినిమా చూపించడం మేలని నాకు తోస్తోంది.

ఈ వయసు పిల్లలకు ఇలా చూపించినవారు తమ అనుభవం చెప్పగలరా? కథానాయకుడైన తోటరాముణ్ణి బలి ఇవ్వబోయే ఘట్టానికి పిల్లలు భయపడ్డారా? మూడు గంటలకు పైగా సాగే సినిమాను ఒకే విడతలో చూడగలిగారా? మూలంలోని గ్రాంథిక భాష మా అమ్మాయికి కొరుకుడు పడదు కనుక, కథను కుదించకుండా వాడుక భాషలో రాసిన పుస్తకం తిరుపతిలో ఎక్కడ దొరుకుతుందో కూడా దయచేసి తెలుపగలరు.