బీకాం అయ్యాక ఫైనాన్స్‌లో ఏ దారి పట్టాలి?

చెరువుగట్టు (భీమవరం దగ్గర):
అందరికీ నమస్కారం. బీకాం ఆఖరి ఏడాది చదువుతున్నాను, ఇప్పటిదాకా 68 శాతం వచ్చింది. నాన్న కౌలు చెరువులో వనామీ రొయ్యలు వేస్తారు. మేత, మందులు డీలర్ దగ్గర అరువు, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక లెక్క తేల్చుకోవడం. ఇంటర్ నుంచీ ఆ లెక్కలు నేనే రాస్తున్నాను. ఇంట్లో బ్యాంకు పరీక్ష రాయమంటున్నారు, స్నేహితురాళ్లు సీఏ అంటున్నారు. ఈ రెండూ కాక ఇంకేమున్నాయి? హైదరాబాద్ వెళ్లకుండా కుదురుతుందా? రెండేళ్లకు మించి ఇంటి మీద ఆధారపడలేను. ఇదే నా టెన్షన్.

ఆర్టికల్ (రాజమండ్రి):
కామర్స్ డిగ్రీలో 55 శాతం దాటితే ఫౌండేషన్ అనే మొదటి పరీక్ష లేకుండా నేరుగా రెండో మెట్టు, సీఏ ఇంటర్‌కు వెళ్లొచ్చు. కానీ ఇంటర్ రెండు గ్రూపులూ పాసయ్యాకే ఆర్టికల్‌షిప్, అంటే సీఏ దగ్గర శిక్షణ, అది రెండేళ్లు. ఆ తర్వాత ఫైనల్. స్టైపెండ్ చేతి ఖర్చులకే సరిపోతుంది. మీరు చెప్పిన గడువులో అవ్వదండీ.

లోన్ ఫైలు (కోనసీమ):
అమ్మా, నేను బ్యాంకులో అప్పుల ఫైళ్లు చూస్తాను. నువ్వు మామూలుగా చెప్పేసిన ఆ లెక్కలే నీ బలం.

ఒక ఫైలు సంగతి చెప్తాను. మేత 6 టన్నులు, పట్టుబడి 7 టన్నులు అని రాసి ఉంది. కిలో రొయ్యకి మామూలుగా కిలో పైనే మేత పడుతుంది కదా, మరి 7 టన్నులు ఎలా వచ్చాయి? కూర్చోబెట్టి అడిగితే, ఇంకో డీలర్ దగ్గర కూడా అరువు తెచ్చానన్నాడు. ఫైల్లో లేని ఆ అప్పే రేపు మన వాయిదా ఎగ్గొట్టిస్తుంది. కంప్యూటర్‌కి ఇది దొరకదు, చెరువు తెలిసినవాళ్లకి దొరుకుతుంది. మన డెల్టాలో ఇలాంటి ఆఫీసర్లు చాలా అవసరం. కౌలు రైతు వస్తే భూమి కాగితం లేదని పంపేయకుండా, కౌలుదార్లకు ప్రభుత్వం ఇచ్చే సాగుదారు హక్కు పత్రం మీదో, కౌలుదార్ల గ్రూపు ద్వారానో అప్పు ఎలా ఇవ్వొచ్చో చూసేవాళ్లు కావాలి.

కాబట్టి గ్రామీణ బ్యాంకు ఆఫీసర్ స్కేల్ 1 (ఆఫీసర్లలో మొదటి మెట్టు) పరీక్ష రాయి. వయసు 18 నుంచి 30, తెలుగు వచ్చి ఉండాలి. 2025 మేలో రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఒకటయ్యాయి, కాబట్టి శ్రీకాకుళమో అనంతపురమో వేసినా వెళ్లడానికి సిద్ధంగా ఉండు. ఐబీపీఎస్ పీఓ (ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో ప్రొబేషనరీ ఆఫీసర్) అయితే దేశంలో ఎక్కడైనా వేస్తారు. చేరాక జేఏఐఐబీ, అంటే బ్యాంకు ఉద్యోగులు రాసే పరీక్ష, పూర్తి చెయ్యి.

అమలాపురం ఫండ్స్:
మూడో దారి ఒకటుంది. ఎన్ఐఎస్ఎం (సెబీ పెట్టిన శిక్షణ సంస్థ) సిరీస్ 5ఏ పరీక్ష పాసై, ఫండ్ కంపెనీల సంఘం యాంఫీ దగ్గర నమోదు చేసుకుంటే మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్‌గా, అంటే ఫండ్లు అమ్మే ఏజెంటుగా పని చెయ్యొచ్చు. మా వైపు కువైట్ నుంచి వచ్చే డబ్బు ఎక్కువగా బంగారంలోకో చీటీల్లోకో పోతుంది, కాబట్టి పని ఉంది. కాకపోతే కమీషన్ మీద ఇల్లు గడవడానికి కొన్నేళ్లు పడుతుంది. ముందు జీతం చూసుకోండి.

చెరువుగట్టు:
చాలా థాంక్స్ అండీ. లోన్ ఫైలు గారూ, ఇంటర్వ్యూలో చెరువు లెక్కల గురించి చెప్పొచ్చా? చిన్నచూపు చూస్తారేమో అని భయం.

లోన్ ఫైలు:
ధైర్యంగా చెప్పు. ఎకరాకి ఎంత రొయ్య పిల్ల వేశారు, ఎన్ని రోజులకి ఏ కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) వచ్చింది, డీలర్ ఎంత పట్టుకున్నాడు, అన్నీ నోటికి ఉండాలి. నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీకల్లా డిగ్రీ ఫలితం రావాలి, అది ముందు చూసుకో.