అమ్మకు రెండు మోకాళ్లూ మార్చాలంటున్నారు. ఒకేసారా, విడివిడిగానా?

పర్లాకిమిడి పెద్దోడు:
అందరికీ నమస్కారం. మా అమ్మకు 67 ఏళ్లు. రెండు మోకాళ్లూ పూర్తిగా అరిగిపోయాయి. గోలీలు, ఇంజెక్షన్లు, ఫిజియో అన్నీ అయ్యాయి. ఇప్పుడు వంటింట్లోంచి తులసికోట దాకా వెళ్లాలన్నా గోడ పట్టుకుంటోంది. బరంపురంలో చూపిస్తే ఒక కాలు ఇప్పుడు, రెండోది మూడు నెలలాగి అన్నారు. విశాఖలో రెండూ ఒకేసారి చేసేస్తాం అన్నారు. అమ్మకు షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. చెల్లెలు పక్కనే, ఆంధ్రా వైపు పాతపట్నంలో ఉంటుంది కాబట్టి చూసుకోడానికి మనిషికి లోటు లేదు. ఆసుపత్రి పేర్లు వద్దు, మీకు ఎలా జరిగిందో చెప్పండి చాలు.

రాయగడ టీచరమ్మ:
బాబూ, నాకు 2022లో కుడిది, మరుసటేడు ఎడమది చేశారు. ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నడుముకి మత్తిచ్చారు, లోపల సుత్తి చప్పుడు వినపడకుండా చెవుల్లో పాటలు పెట్టారు. మొదటి రాత్రి నొప్పే లేదు, ఇంతేనా అనుకున్నాను. మందు దిగాక రెండో రోజు తెలిసింది అసలు సంగతి. ఆ రోజే వాకర్ ఇచ్చి లేపి నిలబెట్టారు. ఏడ్చాను, అయినా నడిచాను.

నేను చేసిన తప్పు చెబుతాను, మీ అమ్మగారు చేయకూడదు. ఇంటికొచ్చాక మా కోడలు ప్రేమకొద్దీ మోకాలి కింద దిండు పెట్టేది. ఎంత హాయిగా ఉండేదో! రెండు వారాలకి కుట్లు తీయడానికి వెళ్తే కాలు చక్కగా చాపలేకపోయాను. ఫిజియో అమ్మాయి నా వయసు కూడా చూడకుండా తిట్టింది. దిండు పెడితే మడమ కింద పెట్టాలట, మోకాలు గాల్లో ఉండి దాని బరువుకి అదే చాపుకుంటుందట. ఆ వంకర పోగొట్టుకోడానికి నెలన్నర పట్టింది. రెండో కాలికి మాత్రం దిండుని మంచం దరిదాపులకి రానివ్వలేదు.

బరంపురం కోడలు:
మా అత్తగారికి రెండూ ఒకేరోజు చేశారు. 61 ఏళ్లు, షుగర్ లేదు, గుండె పరీక్షలన్నీ బాగున్నాయి. ఒకటే మత్తు, ఒకటే బాధ, మావారికి సెలవు కూడా ఒక్కసారే. కానీ ఆనుకోడానికి మంచి కాలంటూ ఒకటి ఉండదు కదా. మొదటి పది రోజులు బాత్రూంకి తీసుకెళ్లాలంటే ఇద్దరం పట్టాల్సి వచ్చింది. రక్తం కూడా ఎక్కించారు. పెద్దోడు గారూ, మీ అమ్మగారికి షుగర్ అంటున్నారు కాబట్టి మా కథ చూసి తొందరపడకండి.

గుణుపురం కిరాణా:
అన్నా, మా నాన్నది చెబుతాను. ఆపరేషన్ బాగానే అయింది. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు రాశారు. అవి అయిపోయాక మా ఊరి షాపులో దొరకలేదు, నాలుగు రోజులు వేయలేదు. తప్పు మాదే. పైగా కాలు వాచిందని మా చిన్నాన్న మాలీసు చేసే ఆయన్ని పిలిపించి వేడి నూనెతో పిక్కలు పిసికించాడు. తెల్లారేసరికి పిక్క రాయిలా బిగుసుకుపోయి ఎర్రబడింది. స్కానింగ్ చేస్తే గడ్డ ఉంది. అది కదిలి ఊపిరితిత్తులకి వెళ్తే మనిషి దక్కడని డాక్టరు చెబుతుంటే చిన్నాన్న మొహం నేను చూడలేకపోయాను. మూడు నెలలు మందులు వాడాక ఇప్పుడు కొట్టుకి రోజూ నడిచే వస్తున్నాడు. మొత్తం కోర్సు మాత్రలు డిశ్చార్జ్ రోజునే కొనేయండి. పిక్కని ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. వాపు మాత్రం మూడు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు కూడా ఉంటుంది, దానికి టెన్షన్ పడొద్దు. ఒక్కసారిగా పెరిగినా, ఆయాసం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లిపోవాలి.

జయపురం కండక్టర్:
నాది మోకాలు కాదు, తుంటి. వయసు 34. అందరూ ‘ఈ వయసులోనా?’ అంటారు. నాకు సికిల్ సెల్ ఉంది, పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు. మన కొరాపుట్, రాయగడ వైపు చాలామందికి ఉంటుంది, తెలియకుండానే తిరుగుతుంటారు. దానివల్ల తుంటి దగ్గర తొడ ఎముక తలకి రక్తం అందక అది చచ్చి కుంగిపోతుంది. కుర్రాడు తుంటి నొప్పి, గజ్జల్లో నొప్పి అంటే నడుం నొప్పి అనుకుని పట్టీలు వేయకుండా ఎమ్మారై తీయించండి. సికిల్ సెల్ ఉన్న సంగతి మత్తు డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. నాకు ముందురోజు నుంచే సెలైన్ ఎక్కించారు, ఒళ్లు చల్లబడకుండా కప్పి ఉంచారు.

తుంటి వాళ్లకి నొప్పి మోకాలంత ఉండదు, వారంలోనే బాగుంది అనిపిస్తుంది. అక్కడే మోసపోతాం. మూడు నెలలు కింద కూర్చోకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, తొంభై డిగ్రీలు దాటి వంగకూడదు అన్నారు. ఇరవయ్యో రోజున కింద పడ్డ చిల్లర తీద్దామని వంగాను, అలవాటు కదా. లోపల ఏదో జారినట్టయింది. అదృష్టం బాగుండి కీలు ఊడలేదు. ఆ ఐదు రూపాయల బిళ్ల ఇంకా దాచుకున్నాను.

లెక్కల మాస్టారు:
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. మోకాలి ఇంప్లాంట్ ధరకి కేంద్రం 2017 ఆగస్టులో పరిమితి పెట్టింది. మామూలు కోబాల్ట్ క్రోమియం సెట్టుకి అప్పుడు 54,720 రూపాయలు, పైన జీఎస్టీ. తర్వాత అంకెలు కొంచెం మారాయి. బిల్లులో ఇంప్లాంట్ ధర విడిగా రాయించుకోండి. ఇంప్లాంట్ పెట్టె మీది స్టిక్కర్లు డిశ్చార్జ్ కాగితాల్లో అంటిస్తారు, వాటిని పారేయొద్దు. ఎప్పుడైనా మళ్లీ తెరవాల్సి వస్తే ఏ కంపెనీ, ఏ సైజు అన్నది వాటిని బట్టే తెలుస్తుంది.

కార్డు విషయం. మన ఒడిశాలో ఆయుష్మాన్ కార్డు 2025లోనే మొదలైంది. వేరే రాష్ట్రంలో కూడా చెల్లుతుంది గానీ, విశాఖలో మీరు అనుకున్న ఆసుపత్రి జాబితాలో ఉందా, అందులోనూ మోకాలి మార్పిడికి ఒప్పుకుంటారా అని వాళ్ల కౌంటర్లో ముందే అడగాలి. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) ఆంధ్రావాళ్లది, మనకి రాదు. పాతపట్నం చెల్లెలి అడ్రసు మీద చేయిద్దాం అని ఎవరైనా సలహా ఇస్తారు, వినకండి.

రాయగడ టీచరమ్మ:
మాస్టారూ, ఆ సలహా మాకూ ఇచ్చారు లెండి!
బాబూ, ఇంకొకటి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. కత్తిపీట ముందు కూర్చోవడం ఇంక మర్చిపోమనండి. నేను టేబుల్ మీద చాకుతో తరగడం నేర్చుకున్నాను, వంకాయలు ఇప్పటికీ వంకరగానే వస్తాయి. పూజ కుర్చీలో కూర్చునే. మజ్జిగౌరి గుడిలో కూడా నిలబడే దణ్ణం పెట్టుకుంటాను, అమ్మవారు ఏమీ అనుకోలేదు.

పర్లాకిమిడి పెద్దోడు:
అందరికీ చాలా థాంక్స్. మీరన్నాక అమ్మకి మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్ట్ (హెచ్‌బీఏ1సీ) చేయిస్తే 9.1 వచ్చింది. బరంపురం డాక్టరు ఎనిమిది లోపుకి తెచ్చాకే కత్తి పడుతాను, లేకపోతే చీము పట్టే ప్రమాదం ఎక్కువ అన్నారు. పన్ను ఒకటి పుచ్చి ఉంది, అదీ ముందే తీయించమన్నారు. కాబట్టి విడివిడిగానే, సంక్రాంతి తర్వాత. ఈలోపు బాత్రూం మార్పిస్తున్నాను. మేస్త్రీ రేపు వస్తాడు. కమోడ్ ఎంత ఎత్తు పెట్టించాలి?

జయపురం కండక్టర్:
అంగుళాల్లో చెప్పకు అన్నా. అమ్మని రకరకాల ఎత్తు కుర్చీల్లో కూర్చోబెట్టి చూడు. కూర్చున్నప్పుడు తుంటి మోకాలికంటే కాస్త పైకి ఉండాలి, చేతులతో ఎక్కువ తొయ్యకుండా లేవగలగాలి. ఏ కుర్చీలో అలా కుదిరితే దాని ఎత్తు టేపుతో కొలిచి మేస్త్రీకి చెప్పు. పక్క గోడకి స్టీలు రాడ్డు కూడా వేయించు. ఆపరేషన్ తర్వాత వేయిద్దాంలే అని ఊరుకుంటే ఆ పని ఎప్పటికీ అవ్వదు.